చేత్తో దిద్దిన ఫైలు

"అక్కకి ఏదో ఒకటి పెట్టెయ్" అంటూ ఫోను నా ఒళ్లో పడేసి మా ఆయన గడ్డం గీసుకోవడానికి వెళ్లాడు. ఆదివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి మా ఇంట్లో వినబడే మాటే ఇది. నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. సాక్సుకి జత వెతకడం ఆపి ఫోను తీసి చూస్తే వదిన దగ్గర్నుంచి మెసేజ్ ఉంది. ఆవిడకి చూపు ఆనడం లేదు కాబట్టి పక్కవాటాలో ఉండే టీచరుచేత రాయించింది. "తమ్ముడూ, గురువారం పొద్దున ఎడమ కంటికి ఆపరేషన్. ఇంకా ఆలస్యం చేస్తే ఇదీ దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈసారైనా వస్తావుగా. నువ్వొస్తేనే లోపలికి వెళ్తాను." కుడి కన్ను పోయి అప్పటికి రెండు నెలలు.

బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి పైకి చదివాను. నురగ మొహంతో అద్దంలోంచే నన్ను చూశాడు.

"గురువారమా? గోడౌన్‌లో తనిఖీ ఉంది. నేను లేకపోతే ఎలా? చూద్దాంలే. వస్తానని చెప్పు, పాపం."

"ఒక్కసారి నువ్వే ఫోన్ చేసి మాట్లాడకూడదూ?"

"ఏం మాట్లాడను? నాకు మాటలు రావు. నీకైతే ఇట్టే వచ్చేస్తాయి. నువ్వు రాస్తే నేను రాసినట్టే కదా."

ఈ ఆఖరి మాట పదకొండేళ్లుగా వింటున్నాను. మొదట్లో నా మీద నమ్మకం అనుకుని మురిసిపోయాను కూడా. ఆ రోజు మాత్రం ఫోను తీసుకెళ్లి అలమారాలో అతని చొక్కాల కింద పెట్టేశాను. ఏమీ రాయలేదు. రాయడానికి భయమేసింది.

వదిన అతనికంటే పదేళ్లు పెద్ద. వాళ్లమ్మ పోయాక కుట్టుమిషన్ మీద కూర్చుని ఇతన్ని చదివించింది. తను పెళ్లి మాట ఎత్తలేదు, ఎవరూ ఎత్తనూ లేదు. ఇక్కడికి రెండున్నర గంటల బస్సు ప్రయాణంలో ఉన్న ఊళ్లో, ఒకటిన్నర గదిలో, కిటికీ పక్కనే మిషన్ వేసుకుని ఉంటుంది. మా పెళ్లయిన రెండో వారం "క్షేమంగా చేరారా?" అని తమ్ముడికి మెసేజ్ పెట్టింది. అతను టీవీలో ఆట చూస్తున్నాడు. "చేరామని కొట్టెయ్" అన్నాడు. నేను అక్కడితో ఆగొచ్చు. కొత్త కోడలి ఉత్సాహం కదా, "చిన్నప్పుడు అక్కని ఏమని పిలిచేవాడివి?" అని అడిగాను. "అక్కోయ్ అనేవాణ్ణి" అన్నాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండానే. "అక్కోయ్, చేరాం. నువ్వు కట్టిచ్చిన సంచి విప్పగానే ఇల్లంతా నువ్వున్నట్టే ఉంది" అని రాశాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "ఇన్నేళ్లకి నన్ను అక్కోయ్ అన్నావురా" అని. అది చదివి నాకే కళ్లు చెమర్చాయి. అతనికి చూపిస్తే "బాగుంది" అన్నాడు. అప్పట్నుంచి ఆ పని నాదైపోయింది.

అబద్ధం చెప్పను, ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. ఆఫీసులో నన్ను మెచ్చుకునేవాళ్లు లేరు. ఇంట్లో చేసింది ఎలాగూ ఎవరి కంటా పడదు. ఇక్కడ మాత్రం నేను రాసిన నాలుగు ముక్కలకి ఒక మనిషి వారమంతా ఎదురుచూసేది. అతను "తిన్నావా అని అడుగు" అంటే నేను ఆవిడ మిషన్ పెడల్ బాగైందా, మోకాలి నొప్పి ఎలా ఉంది, టీచరు కూతురి జాకెట్టు కుట్టడం అయిందా అని అడిగేదాన్ని. అతను ఏమీ అనకపోయినా ఏదో అన్నట్టు రాసేదాన్ని. ఏడాదికోసారి అక్కడికి వెళ్తే ముక్కూమొహం తెలియనివాళ్లంత ముభావంగా కూర్చునేవాళ్లు అక్కాతమ్ముళ్లు. నేను వంటగదిలో గిన్నెలు తోముతూ వినేదాన్ని. "వీడికి ఎదురుగా ఉంటే నోరు పెగలదు టీచరుగారూ, రాస్తే మాత్రం వెన్నపూసే" అని వదిన పక్కింటావిడతో గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్ప నాదే అని లోపల్లోపల నవ్వుకునేదాన్ని. నాతో ఆవిడ "అమ్మాయ్, టీ పెడతావా" అనడం తప్ప పెద్దగా మాట్లాడింది లేదు. నేనూ మాట్లాడలేదు. చెప్పాల్సినవన్నీ అప్పటికే వేరే పేరుతో చెప్పేసి ఉండేదాన్ని.

కుడి కంటి సంగతి చెప్పాలి. ఐదు నెలల కిందట కంట్లో ఒత్తిడి ఎక్కువైందని, నెలలోపు ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెప్పాడట. "నువ్వు పక్కనుంటే చేయించుకుంటానురా, నాకు కత్తి అంటే భయం" అని రాసింది వదిన. అతనికి చెబితే "వస్తాలే అను. ఈ నెల కుదరదు" అన్నాడు. అతను అన్నది అంతే. "అక్కోయ్, వస్తాను. నేను రాకుండా నీ కంటి మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు" అని రాసింది నేను. ఆ రెండో వాక్యం ఎంత బాగా కుదిరిందో అని పంపే ముందు ఇంకోసారి చదువుకున్నాను కూడా. ఆవిడ ఆ మాట పట్టుకుని కూర్చుంది. ఆ నెల కుదరలేదు, పై నెలా కుదరలేదు, నేను ప్రతిసారీ ఒక అందమైన సాకు రాశాను. మూడో నెల చివర టీచరు బలవంతంగా ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆ కంట్లో చూపు పోయింది, ఇక రాదన్నారు. "అయ్యో" అన్నాడు మా ఆయన. నిజంగానే బాధపడ్డాడు. ఆ పూట అన్నం సరిగా తినలేదు. నేను రాసిన వాక్యం గురించి అతనికి తెలియదు, నేను చెప్పలేదు.

ఇదంతా మనసులో పెట్టుకునే సోమవారం ఆఫీసుకి వెళ్లాను.

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకి ఎలా చెప్పానో అలాగే చెబుతాను. మాది మందుల దుకాణాలకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ. మందుల పెట్టెలు ఒక పార్సిళ్ల కంపెనీ ద్వారా వస్తాయి. ఏ పెట్టె ఎక్కడుందో మా ప్రోగ్రాము వాళ్ల కంప్యూటర్‌ని అడిగి తెలుసుకోవాలి. ఏం అడగొచ్చు, అడిగితే జవాబు ఏ రూపంలో వస్తుంది అన్నదంతా వాళ్లు ఒక వర్ణన ఫైలులో రాసి ఇస్తారు. ఆ ఫైలుని ఒక టూల్‌కి ఇస్తే అది క్షణాల్లో వేల లైన్ల కోడ్ తయారుచేస్తుంది. దాన్ని ప్రాక్సీ అంటాం. ఇక మా ప్రోగ్రాము మాట్లాడేదంతా ఆ ప్రాక్సీతోనే. అదే పార్సిళ్ల కంపెనీ అనుకుంటుంది పిచ్చిది. ఆ కోడ్ పైన టూలే ఒక హెచ్చరిక రాసి పెడుతుంది, ఇది యంత్రం తయారుచేసిన ఫైలు, చేత్తో మార్చకండి, మళ్లీ తయారుచేస్తే మీ మార్పులు పోతాయి అని.

ఆ హెచ్చరిక కిందే నేను తొమ్మిదేళ్లుగా చేత్తో మారుస్తున్నాను. ఎందుకంటే వాళ్లిచ్చిన వర్ణనే తప్పు. పెట్టె బరువు పూర్తి కిలోల్లో వస్తుందని అందులో ఉంది, వాళ్లు పంపేది రెండున్నర అనో మూడుంపావు అనో. చేరిన తేదీ తప్పనిసరిగా ఉంటుందని రాశారు, ఇంకా చేరని పెట్టెకి తేదీ ఎక్కణ్ణుంచి వస్తుంది? అలాంటి జవాబు వచ్చినప్పుడల్లా ప్రాక్సీ బోర్లాపడేది. కొత్తలో అప్పటి టీమ్ లీడ్‌కి చెప్పాను, వాళ్ల వర్ణన దిద్దమని రాద్దామని. "ఇంత చిన్నదానికి వాళ్లని కదపడమెందుకమ్మా? సంబంధాలు చెడతాయి. నువ్వు చూసెయ్" అన్నాడాయన. ఇంకో రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. చూసేశాను. ఒక లైను, ఇంకో లైను, చివరికి నలభై ఒకటి. ఫైలు కొత్తగా తయారుచేయాల్సి వచ్చినప్పుడల్లా ఆ నలభై ఒకటీ కూర్చుని మళ్లీ దిద్దేదాన్ని. వేరే ఎవరైనా దాని జోలికి వస్తే "మీకెందుకు, నేను చూస్తాలే" అనేదాన్ని. ఎంత సాఫీగా నడిచిందంటే అక్కడ ఒక పని జరుగుతోందని కూడా ఎవరికీ తెలియలేదు.

అంతకుముందు శుక్రవారం మధ్యాహ్నం నేను సెలవు పెట్టాను. మా అమ్మాయి స్కూల్లో తల్లిదండ్రుల్ని రమ్మన్నారు, తండ్రికి కుదరదు కాబట్టి తల్లిదండ్రులు అంటే నేనే. ఆ పూటే పార్సిళ్ల కంపెనీ కొత్త వర్ణన పంపితే, ఎనిమిది నెలల కిందట చేరిన మా లీడ్ తనే టూల్ నడిపించి ప్రాక్సీ కొత్తది చేసేశాడు. తప్పు చేయలేదు, అలాగే చేయాలి. సోమవారం దుకాణాలు తెరిచేసరికి సగం పెట్టెలు తెర మీద లేవు.

లీడ్ పదిమందిని కూర్చోబెట్టి పాత ఫైలునీ కొత్త ఫైలునీ గోడ మీద పక్కపక్కన చూపించాడు. నా లైన్లు ఒక్కొక్కటే ఎర్రగా మెరుస్తున్నాయి.

"ఇక్కడ చెయ్యి పెట్టిందెవరు? పెట్టొద్దని పైనే రాసుంది కదా?"

"నేను" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"తొమ్మిదేళ్ల నుంచి."

ఎవరో కిసుక్కున నవ్వారు. "వంట అనుకున్నారా మేడమ్, ఉప్పు తగ్గిందని చేత్తో కాస్త వేసెయ్యడానికి?" అన్నాడు లీడ్. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. ఒళ్లు మండిపోయింది. మూడుసార్లు చెప్పానని, నన్నే చూసెయ్యమన్నారని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ చెప్పినవన్నీ నోటిమాటలే, ఒక్కదానికీ కాగితం లేదు. సాయంత్రందాకా కూర్చుని నలభై ఒకటీ జాబితా రాసిచ్చాను. ఆ జాబితా పార్సిళ్ల కంపెనీకి లీడ్ సంతకంతో వెళ్లింది. నాకు కాపీ కూడా పెట్టలేదు.

మర్నాడు వాళ్లతో ఫోన్లో మాట్లాడాం. అవతల ఆ వర్ణన ఫైలు చూసే ఇంజినీరు ఒకావిడ. గొంతు అలసిపోయి ఉంది.

"తొమ్మిదేళ్లా అండీ? మాకు ఒక్కరూ చెప్పలేదే. చెప్పుంటే ఒక పూట పని" అంది. తర్వాత, "ఇంకో సంగతి. వేరే నాలుగు కంపెనీలవాళ్లు ఇదే గొడవ అని మా మీదికి వచ్చారు. మీ దగ్గర చక్కగా నడుస్తోంది కదా, తప్పు వాళ్లదే అనుకున్నాను. మీ పేరే చెప్పి వాళ్లతో పోట్లాడాను" అంది.

లీడ్ ఏదో సర్దిచెబుతున్నాడు. నాకు వినబడలేదు. ఇన్నాళ్లూ నేను చేస్తున్నది సాయం అనుకున్నాను. తప్పు చేసినవాళ్లకి తమ తప్పు తెలియకుండా కాపలా కాశానని ఆ అలసిన గొంతు చెప్పేదాకా నాకు తట్టలేదు. మీటింగ్ అయిపోయాక కూడా ఆ కుర్చీలోనే ఉండిపోయాను. నా ఎదురుగా కనబడుతున్నది పార్సిళ్లూ కావు, తేదీలూ కావు. వదిన కుడి కన్ను.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తొమ్మిదేళ్ల నా కూతురు వాళ్ల నాన్న ఫోను పట్టుకుని సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "అమ్మా, అత్తకి నేనే పెట్టేశా. నువ్వు మర్చిపోయావట, నాన్న పెట్టెయ్యమన్నాడు" అంది.

తీసుకుని చూశాను. "అక్కోయ్, గురువారం తప్పకుండా వస్తా. నేను రాకుండా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు." పైకి జరుపుకుంటూ నా పాత మెసేజ్‌లు చదివి, ఎలా రాయాలో తనే నేర్చుకుంది.

"చూశావా, అచ్చం నీలాగే రాసింది!" అన్నాడు మా ఆయన. నిజంగా ముచ్చటపడుతున్నాడు.

బ్యాగు కింద పెట్టి అడిగాను. "గురువారం వెళ్తున్నావా?"

"చెప్పానుగా, తనిఖీ అని. రేపు చూసి జ్వరమనో ఏదో ఒకటి చెబుదాం. టీచరు ఉందిగా పక్కన."

"నువ్వు రాకపోతే ఆవిడ లోపలికి వెళ్లదు. ముందు కన్ను అలాగే పోయింది."

"అక్కకి మొండితనం ఎక్కువ. నేనేమన్నా వద్దన్నానా?"

అనలేదు. అతను వద్దని అనలేదు, వస్తానని కూడా నిజంగా అనలేదు. పదకొండేళ్లలో అతను అన్నవి ఏరితే ఒక అరపేజీ కూడా రాదు. మిగతాదంతా నేనే. అతని మీద అరుద్దామనుకున్నాను. అమ్మాయి మొహం చూస్తే, తను చేసిన మంచిపనికి నేనెందుకు మెచ్చుకోవడం లేదో తెలియక బిక్కమొహం వేసింది. దాన్ని దగ్గరికి తీసుకుని "ఇంకెప్పుడూ నాన్న పేరుతో రాయకు" అని మాత్రం చెప్పగలిగాను. "మరి నువ్వు రాస్తావుగా?" అని అడిగింది.

బుధవారం మళ్లీ సెలవు పెట్టి పొద్దున బస్సెక్కాను. వెళ్తున్నానని మా ఆయనకి చెప్పాను, ఎందుకో చెప్పలేదు. "మంచిది, నేను రాలేనని నువ్వే నచ్చజెప్పు" అన్నాడు. బస్సులో రెండున్నర గంటలూ మాటలు కూర్చుకున్నాను. మాటలు కూర్చడం నాకు బాగా వచ్చిన విద్య కదా. ప్రతి వాక్యంలోనూ నన్ను నేను కాపాడుకుంటున్నానని గుర్తుపట్టి ఒక్కొక్కటే కొట్టేశాను.

వదిన మిషన్ ముందు కూర్చుని ఉంది. కుట్టడం లేదు, గుడ్డ అంచుని వేలితో తడిమి మడత పెడుతోంది. అడుగుల చప్పుడుకి ఎడమ కన్ను నా వైపు వచ్చేలా తల తిప్పి చూసింది.

"అమ్మాయా? వాడేడీ?"

"రాలేదు వదినా. రేపు కూడా రాడు."

"అదేంటి, వస్తానని నిన్ననేగా రాశాడు?"

"రాసింది తను కాదు. నిన్నటిది మీ మేనకోడలు రాసింది. అంతకుముందువన్నీ నేను రాశాను."

"అన్నీ అంటే?"

"అన్నీ వదినా. పదకొండేళ్లవి."

ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది. బయట ఎవరో బకెట్లోకి నీళ్లు పడుతున్నారు, అది నిండి పొర్లింది.

"అక్కోయ్ అన్నది?"

"నేనే."

"నేను రాకుండా చెయ్యి వెయ్యనివ్వకు అన్నది?"

"అది కూడా నేనే. తను వస్తాలే అని చెప్పమన్నాడంతే. బాగుంటుందని నేను కలిపాను. నా వల్లే మీ కన్ను పోయింది వదినా."

ఆవిడ ఏడవలేదు. తిట్టనూ లేదు. ఉన్న ఒక్క కంటితో నన్ను చూసింది.

"నీకేం తెలుసమ్మాయ్ నా సంగతి" అంది. "వాడు పలకడం లేదని తెలిసుంటే మొదటేడాదే వచ్చి మీ గుమ్మంలో కూర్చునేదాన్ని. చెవి మెలేసి మాట్లాడించేదాన్ని. వాణ్ణి పెంచింది నేను, వాడితో ఎలా పోట్లాడాలో నాకు తెలీదా? నన్ను పోట్లాడనివ్వలేదు నువ్వు. ఏ తప్పూ లేని తమ్ముణ్ణి తయారుచేసి చేతిలో పెట్టావు. నేను వాణ్ణే చూసుకుంటూ కూర్చున్నాను."

తల వంచుకున్నాను.

"సరే, వాడి సంగతి నేను చూసుకుంటా. ఒకటి అడుగుతాను చెప్పు. ఇన్నేళ్లలో నీ పేరుతో నాకు ఒక్క ముక్కైనా రాశావా?"

వెతికాను. మోకాలి నొప్పి గురించి, పెడల్ గురించి, ఆవిడ ఒంటరితనం గురించి రాసిన వందల మాటల్లో వెతికాను. ఒక్కటీ లేదు. నా ఫోనులో ఆవిడ నంబరు కూడా లేదు.

"లేదు వదినా."

"మరి నువ్వెవరో నాకెలా తెలుస్తుంది?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. గుడ్డ మడతపెట్టి మిషన్ మీద పెట్టి, గోడ పట్టుకుని లేచింది. పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. "రేపు ఎనిమిదింటికి ఆస్పత్రికి వెళ్తున్నాను. ఎవరొచ్చినా రాకపోయినా వెళ్తాను. వాడి తరఫునైతే నువ్వు రావద్దు. నీ అంతట నువ్వు వస్తానంటే రా."

"వస్తాను వదినా" అన్నాను. ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడకి వినబడిందో లేదో అని ఇంకోసారి అన్నాను.